ఖాళీ సీసాలో పాదరసం

పోయిన వారం మనం బురదమ్మను ప్రయోగశాల మెట్ల మీద, చేతిలో ఖాళీ సీసాతో, ఒళ్ళు మండిపోతూ ఉండగా వదిలేసి వచ్చేశాం. ఆ కోపంలో ఆమె ఎవరి పీక పట్టుకుంటుందోనని కొందరు పాఠకులు నాకంటే ఎక్కువ కంగారుపడ్డారు. ఎవరి పీకా పట్టుకోలేదు. పట్టుకునే ఉద్దేశంతోనే లోపలికి వెళ్ళింది గానీ, అక్కడ జరిగింది వేరు.

కథలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ ఊరి అఖాతం ఒడ్డున ఒకప్పుడు ఒక కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ ఉండేది. అది మూతపడి చాలా ఏళ్ళయింది. అది నీళ్ళలోకి వదిలిన పాదరసం మాత్రం ఎక్కడికీ పోకుండా అడుగున బురదలో తిష్ఠ వేసింది. బురదలోంచి పురుగుల్లోకి, పురుగుల్లోంచి చేపల్లోకి ఎక్కింది. అందుకని అఖాతంలో చేపల వేట నిషేధించారు. పెద్ద పడవలవాళ్ళు దూరం పోయి నడిసముద్రంలో వల వేసుకుంటున్నారు. చిన్న పడవలవాళ్ళు ఒడ్డున కూర్చుని నీళ్ళవైపు చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఏరు మోసుకొచ్చిన కొత్త బురద ఆ పాత బురదను కప్పేసిందనీ, పై పొర శుభ్రపడిందనీ మన కథానాయిక నమ్మకం. ఉత్త నమ్మకాన్ని ఎవరూ ఒప్పుకోరు కాబట్టి పొడుగాటి గొట్టాలు అడుగుకి దించి, బురదను పొరలు చెదరకుండా పైకి తీసి, కొలిపిస్తోంది. బురదమ్మ అన్న పేరు ఆఫీసువాళ్ళు వెటకారానికి పెట్టారు. ఆమె దాన్ని బిరుదులా తీసుకుంది.

సోమవారం ఆఫీసు పెద్దసారు ఫలితాలు పైకి పంపాలి. పై పొర శుభ్రంగా ఉందని తేలితే ఈ ఏడే నిషేధం ఎత్తేస్తారు. ఈలోగా పంపలేకపోతే గాలి తిరిగిపోతుంది, అఖాతంలో గొట్టం దించడానికి వీలుండదు, మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఆగాల్సిందే. అప్పటికి ఎన్ని చిన్న పడవలు మిగిలి ఉంటాయో చెప్పలేం. ఆమె మేనత్త పడవ వాటిలో ఒకటి.

ఇక ఆ సీసా సంగతి. గొట్టాలతో పాటు పడవలోకి ఒక సీసా కూడా వెళ్తుంది. అందులో ప్రయోగశాలలో వడగట్టిన అతి శుభ్రమైన నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండవు. పడవ మీద దాని మూత ఒకసారి తీసి, గాలి తగలనిచ్చి, మళ్ళీ బిగించి వెనక్కి తెస్తారు. నీళ్ళున్నా సరే దాన్ని ఖాళీ సీసా అనే పిలుస్తారు. అందులో పాదరసం కనబడకూడదు. కనబడిందంటే దారిలో ఎక్కడో, ఎవరి చెయ్యో అంటిందన్నమాట. అప్పుడు ఆ ప్రయాణంలో తెచ్చిన బురద కొలతల్ని నమ్మడానికి వీల్లేదు. మన ఖాళీ సీసాలో పాదరసం కనబడింది.

బురదమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి సున్నా తన యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. సున్నా అంటే పనికిమాలినవాడని కాదు. ఏ కొలతైనా మొదలుపెట్టే ముందు యంత్రం సున్నా చూపించాలంటాడు. చూపించేదాకా టీ కూడా ముట్టుకోడు. ఆరు నెలల కిందట ఈ పనికోసమే వేరే ఊరినుంచి పిలిపించారు. వెంట తండ్రి కూడా వచ్చాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, ఈ వీధి మలుపులోనే చిన్న కొట్టు తెరిచాడు. ప్రయోగశాల గోడ మీద ఏళ్ళతరబడి ఆగిపోయి ఉన్న గడియారం ఇప్పుడు నడుస్తోందంటే ఆ పెద్దాయన చలవే.

సున్నా అంటే బురదమ్మకు మహా కోపం. రోజూ అతను ఏ రంగు చొక్కా వేసుకొచ్చాడో గుర్తుపెట్టుకోవడం కూడా ఆ కోపంలో భాగమేనని ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంది. ఇవాళ నీలం.

"ఈ సీసా నా దగ్గర చెడలేదు. మీ దగ్గరే చెడింది," అంటూ దాన్ని బల్ల మీద పెట్టింది.

"నా దగ్గర ఏదీ చెడదండీ," అన్నాడు అతను, తల తిప్పకుండానే.

"అంత నమ్మకమా?"

"నమ్మకం కాదు. పొద్దున్న సున్నా చూశాను, మధ్యాహ్నం సున్నా చూశాను, మీ సీసాకి ముందు చూశాను, తర్వాత చూశాను. మధ్యలో మీ సీసా ఒక్కటే పిచ్చిగా గంతులేసింది."

"అయితే నేను అబద్ధం చెప్తున్నానా?"

"మీరు అబద్ధం చెప్తున్నారని సీసా చెప్పలేదు. పాదరసం ఉందని మాత్రమే చెప్పింది."

ఇలాంటి జవాబులకే ఆమెకు ఒళ్ళు మండుతుంది. కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"సోమవారానికి ఫలితాలు పంపాలి. మీరు ఒప్పుకోకపోతే ఇన్ని రోజుల పనీ నీళ్ళపాలు. మా అత్తకు నేను మాటిచ్చాను."

"మాటిచ్చారని యంత్రానికి తెలీదు కదండీ," అన్నాడు. ఆ తర్వాత ఆమె ముఖం చూసి గొంతు కాస్త తగ్గించాడు. "నాకు మాత్రం ఆ బురద పాడవ్వాలని ఉందా? ఎక్కడ అంటిందో వెతుకుదాం. పడవలో మంచిచేయి ఎవరు?"

"నేనే."

"మట్టిచేయి?"

"మా అత్త."

వీళ్ళ పనిలో ఇదొక పద్ధతి. పడవ ఎక్కగానే ఒకరు మంచిచేయి అవుతారు, ఇంకొకరు మట్టిచేయి. మంచిచేయి తొడుగులు వేసుకుని సీసాను తప్ప లోకంలో ఇంకే వస్తువునూ ముట్టుకోకూడదు. తాడు, కప్పీ, పెట్టె మూత, ఇంజను, ఆఖరికి మంచిచేయి మెడ మీద వాలిన ఈగను తోలడం కూడా మట్టిచేయి పనే. మట్టిచేయి సీసా జోలికి రాకూడదు. ఈ నియమాలన్నీ రాసి పడవ గోడకు అంటించింది బురదమ్మే. తనంత నిఖార్సయిన మంచిచేయి ఈ తీరం మొత్తంలో లేదని ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది.

సున్నా లేచి బీరువాలోంచి ముక్కును తీశాడు. ముక్కంటే ఇస్త్రీపెట్టె అంత పరికరం. ముందు ఒక సన్నటి గొట్టం ఉంటుంది. గాలిలో పాదరసపు ఆవిరి ఏ కాస్త ఉన్నా పసిగట్టి కీచుమంటుంది.

పడవలోంచి తెచ్చిన సామానంతా బల్ల మీద పరిచారు. ముక్కు సీసాల పెట్టెను వాసన చూసింది. మాట్లాడలేదు. తొడుగుల పొట్లం, ఐసు డబ్బా, తాడు చుట్ట, గొట్టాల బిరడాలు, చివరికి బురదమ్మ రబ్బరు బూట్లు. దేనికీ ఉలుకూ పలుకూ లేదు.

"చూశారా?" అంది ఆమె విజయగర్వంతో. "ఇక మిగిలింది మీ యంత్రమే."

అతను నొచ్చుకోకుండా ముక్కును తన యంత్రం చుట్టూ తిప్పాడు. తన బల్ల సొరుగులు చూశాడు. తన చొక్కా చేతులు కూడా చూసుకున్నాడు. ముక్కు కిమ్మనలేదు. అతను నిట్టూర్చి, పరికరాన్ని బీరువాలో పెట్టడానికి ఆమె పక్కగా వెళ్ళాడు.

ముక్కు కీచుమంది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు, అది ఆగిపోయింది. ముందుకు వేశాడు, మళ్ళీ మొదలెట్టింది.

"కదలకండి," అన్నాడు.

"నేనెక్కడ కదిలాను?"

గొట్టాన్ని ఆమె చేతి దగ్గర పెట్టాడు. సన్నగా కీచుమంది. మోచేయి దగ్గర కాస్త తగ్గింది. భుజం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పెరిగింది. మెడ దగ్గర ఇంకా పెరిగింది. ఆమె ఊపిరి బిగబట్టి గోడ గడియారాన్ని చూస్తూ నిలబడింది. అతను ఎంత దగ్గరగా ఉన్నాడో చూడకూడదని అనుకుంది, కానీ నీలం చొక్కా రెండో గుండీ కొంచెం వదులుగా ఉందని ఎలా తెలిసిందో మరి. గొట్టం చెంప దగ్గరికి రాగానే ముక్కు ఆగకుండా, గుక్కపట్టిన పసిపిల్లలా అరిచింది.

"బుగ్గ," అన్నాడు సున్నా.

"నా బుగ్గకేమొచ్చింది?"

"పాదరసం వచ్చింది."

"మతి ఉండే మాట్లాడుతున్నారా? నేను బురదను చేత్తో తీస్తాను గానీ ముఖానికి పూసుకోను!"

అలా అంటూనే, కోపం వచ్చినప్పుడు ఎప్పుడూ చేసేట్టు, చెంప మీద పడ్డ వెంట్రుకల్ని చేతివేళ్ళతో చెవి వెనక్కి తోసుకుంది. సున్నా ఆ చేతినే చూస్తున్నాడు.

"ఇదిగో, ఇప్పుడు చేశారే, అది పడవలో కూడా చేశారా?"

ఆమె చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది.

పడవలో గాలి. వదులైన జడ. తొడుగు వేసుకున్న చెయ్యి. అత్త ఇంజను దగ్గర ఉంది, పిలిస్తే వచ్చి వెంట్రుకలు సర్దేది. కానీ సీసా మూత తీయబోతున్న ఆ క్షణంలో ఎవరు పిలుస్తారు? చేతితో తోసేసుకుంది. ఆ తర్వాత మూత తీసింది. అంతకుముందు ఒడ్డున పడవ ఎక్కుతుంటే అత్త ఆమె గడ్డం పట్టుకుని, "ఎండకి మాడి మసైపోతావే" అంటూ ఏదో క్రీము రెండు బుగ్గలకీ దట్టంగా రాసింది. కొత్త క్రీము, మచ్చలు కూడా పోతాయట. మంచి వాసన కూడా వేసింది. ఇవాళ పొద్దున్నా రాసింది.

"అత్త," అంది నీరసంగా.

"ఏంటి?"

"మచ్చలు పోవడానికి రాసుకునే క్రీముల్లో పాదరసం కలుపుతారా?"

"దొంగతనంగా అమ్మేవాటిలో కొన్నింట్లో కలుపుతారు," అన్నాడు. "చర్మం తెల్లబడుతుంది. ఆ తర్వాత ఒంట్లోకి ఎక్కుతుంది."

ఆమె కుర్చీలో కూలబడింది. ఫ్యాక్టరీని తిట్టింది, ఏటిని తిట్టింది, సున్నాను తిట్టింది, ఐసు డబ్బా తయారుచేసినవాణ్ణి కూడా తిట్టింది. పాదరసం తన బుగ్గ మీద ఎక్కి కూర్చుని ఇన్నాళ్ళూ ఈ తిట్లన్నీ వింటూ ఉందన్నమాట. ముందు పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకుని సున్నా కంగారుగా మంచినీళ్ళ కోసం చూశాడు. ఆమె ఏడవలేదు. పగలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని, బల్ల మీద తల వాల్చి నవ్వింది. అది చూసి సున్నాకి కూడా నవ్వొచ్చింది. అతను నవ్వితే ఎక్కిళ్ళు వచ్చినట్టుంటుందని ఆమెకు ఇవాళే తెలిసింది.

"మంచిచేయి ముఖాన్ని తాకరాదు," అన్నాడు ఎక్కిళ్ళ మధ్య. "ఏడో నియమం. మీ చేతిరాతే."

"నోర్ముయ్యండి," అంది, కళ్ళు తుడుచుకోబోయి, ఆ చెయ్యి కూడా గాల్లోనే ఆపేసుకుంది.

నవ్వు తగ్గాక అసలు సమస్య ఎక్కడికక్కడే ఉందని గుర్తొచ్చింది. దొంగ దొరికాడు గానీ సీసా మాత్రం చెడిందే. కానీ ఆమె అడక్కుండానే సున్నా లేచి, గది చివర ఉన్న శీతల పెట్టె మూత తెరిచాడు.

"మీ గొట్టాన్ని నిలువునా రెండు సగాలుగా కోశాను కదా. కొలిచింది ఒక సగమే. రెండో సగం ఇదిగో, సీలు కూడా తియ్యలేదు. పడవలో గొట్టానికి అడుగున మూత దానంతటదే పడుతుంది, పైన బిరడా పెట్టింది మీ అత్తగారు. మీ బుగ్గకీ ఈ బురదకీ పరిచయమే లేదు. దీన్ని కొలుస్తాను. రెండు సగాలూ ఒకే మాట చెప్తే మొదటిదీ నిజమే, రెండోదీ నిజమే."

"ఇప్పుడే?"

"ఇప్పుడే. మీరు మాత్రం ఈ గదిలో ఉండడానికి వీల్లేదు."

"నా బురద!"

"మీ బుగ్గ," అన్నాడు. మళ్ళీ ఎక్కిళ్ళు వచ్చేలా ఉన్నాయని గబగబా ముఖం తిప్పుకుని, "ముందెళ్ళి మీ అత్తగారిని ఆ క్రీము మానిపించండి. డాక్టరుకి చూపించండి. ఆ డబ్బా సంచిలో కట్టి ఇక్కడికి తెచ్చెయ్యండి," అన్నాడు.

రేవు దగ్గర అత్త పడవ కొత్త రంగుతో మెరిసిపోతోంది. అత్త ముక్కాలిపీట మీద కూర్చుని, కప్పీకి గ్రీజు పెడుతూ, పాటేదో కూనిరాగం తీస్తోంది. యాభై దాటినా ఒంటిచేత్తో లంగరు లాగేసే మనిషి. అన్నా వదినా పోయాక మేనకోడల్ని చంకనెత్తుకుని ఇదే పడవలో పెంచింది. ఆమె పాడగా ఊళ్ళో ఎవరూ విన్నది లేదు. ఈ మధ్యనే మొదలైంది.

బురదమ్మ ఒక్క గెంతులో పడవలోకి దూకింది.

"అత్తా, ఆ క్రీము ఎక్కడ?"

"దేనికే? నీకూ నచ్చిందా?"

"ముందు చెప్పు."

"దిక్సూచి వెనకాల ఉంది. నెమ్మదిగా తియ్యి, డబ్బా పలచన."

డబ్బా మీద ఒక తెల్లటి అమ్మాయి బొమ్మ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఎవరు చేశారో, ఏం కలిపారో ఒక్క అక్షరం లేదు. బురదమ్మ మూత తెరవకుండానే సంచిలో వేసి ముడేసింది. జరిగిందంతా చెప్పింది. వింటున్నకొద్దీ అత్త నోరు పెద్దదవుతూ వచ్చింది.

"అంటే నీ సీసా పాడుచేసింది నేనా?"

"నువ్వూ, నేనూ. సగం సగం."

"అఖాతం పాడైందని ఇన్నేళ్ళూ ఆ ఫ్యాక్టరీవాళ్ళని శాపనార్థాలు పెట్టి, ఆ దరిద్రాన్ని నేనే కొనుక్కొచ్చి ముఖానికి రాసుకున్నానా!" అత్తకి పౌరుషం ముంచుకొచ్చింది. చటుక్కున సంచి లాక్కుని, చెయ్యి వెనక్కి చాచి, నీళ్ళలోకి విసరబోయింది.

"అత్తా! అఖాతంలోకా!"

బురదమ్మ ఆ చేతికి వేలాడబడింది. ఇద్దరూ కలిసి వలల కుప్ప మీద పడ్డారు. సంచి అత్త చేతిలోనే ఉంది. తను చెయ్యబోయిందేమిటో అత్తకి అప్పుడు తట్టింది. అలాగే వెల్లకిలా పడుకుని పడవ కదిలేలా నవ్వడం మొదలెట్టింది. పక్క పడవలవాళ్ళు తొంగిచూసి, ఈ ఇంట్లో ఇది మామూలేనని వెళ్ళిపోయారు.

నవ్వు ఆగాక బురదమ్మ మోచేతి మీద లేచి అత్త ముఖం దగ్గరగా చూసింది. చెంపల మీద ఎండకి పడ్డ మచ్చలు నిజంగానే కొంచెం వెలిశాయి. ఆ మచ్చలంటే ఆమెకు ప్రాణం. చిన్నప్పుడు వాటిని లెక్కపెడుతూ నిద్రపోయేది.

"ఇన్నేళ్ళు అద్దం ముఖం చూడలేదు నువ్వు. ఇప్పుడు మచ్చల మీద పట్టింపు ఎందుకొచ్చింది?"

అత్త వల పోగు ఒకటి పట్టుకుని లాగుతూ కూర్చుంది.

"ఫొటో దిగాల్సొచ్చిందిలే."

"ఫొటోనా? ఎవరితో?"

"ఒకాయనతో."

బురదమ్మ నిటారుగా లేచి కూర్చుంది. "అత్తా! ఒకాయనంటే ఎవరాయన?"

"అరవకే, రేవంతా వింటోంది. చెప్తాను. నీ పని అవ్వనీ, అప్పుడు తీరిగ్గా చెప్తాను. నువ్వు ఈ బురద గొడవలో తల పైకెత్తే పరిస్థితిలో ఉన్నావా ఏంటి?"

సిగ్గుపడుతున్న అత్తను చూడడం బురదమ్మకు ఇదే మొదటిసారి. ఆ మనిషి ఎవరైనా సరే, ఎలాంటివాడైనా సరే, అత్త చేత పాట పాడించాడు కాబట్టి మంచివాడేనని అక్కడికక్కడే తీర్మానించేసింది. గట్టిగా కౌగిలించుకోబోయి, బుగ్గలు రెండూ కడుక్కునేదాకా వద్దని ఇద్దరూ చేతులు అడ్డం పెట్టుకున్నారు. సబ్బుతో ఒకరి ముఖం ఒకరు చర్మం ఎర్రబడేలా రుద్దుకున్నారు. దారిలో డాక్టరు దగ్గర అత్త చెయ్యి చాచి రక్తం ఇచ్చింది. కొద్ది వారాలే రాసుకున్నారు కాబట్టి భయపడాల్సింది ఉండకపోవచ్చని, అయినా ఫలితం వచ్చేదాకా ఒంట్లో ఏ తేడా వచ్చినా చెప్పమని డాక్టరమ్మ పంపించింది.

"పడవలో గడియారం కనబళ్ళేదేంటి?" అంది బురదమ్మ నడుస్తూ.

"రిపేరుకిచ్చాను."

"మళ్ళీనా? మొన్నేగా తెచ్చావు?"

"పాతది కదే, మాటిమాటికీ ఆగిపోతోంది," అని అత్త నడక వేగం పెంచింది. పాఠకులకి ఇక్కడ ఏమైనా తోచి ఉంటే తోచనివ్వండి. బురదమ్మ బుర్రలో మాత్రం అప్పుడు బురద తప్ప ఇంకేమీ లేదు.

ప్రయోగశాల లోపలి గదికి ఒక పెద్ద అద్దం కిటికీ ఉంది. దాని పక్కనే గోడకి ఇంటర్‌కమ్. అద్దం ఇవతల బల్ల మీద అత్తా కోడళ్ళు కూర్చున్నారు. అవతల సున్నా తెల్లకోటులో, తల వంచుకుని, బురదను పొరపొరగా సన్నగా కోస్తున్నాడు. అడుగు పొర నల్లగా, జిగురుగా ఉంది. పైకి వచ్చేకొద్దీ బూడిదరంగు, ఆ పైన గోధుమరంగు. గొట్టం గోడకి అంటిన అంచును తీసేసి, మధ్యలో ముక్కను మాత్రమే తీసుకుంటున్నాడు. చిన్నప్పుడు రొట్టె ముక్కల అంచులు వదిలేసి తిన్న పిల్లాడిలా ఉన్నాడని బురదమ్మ అనుకుంది. ఆ పని అతను చేస్తుంటే చూడడం ఆమెకు ఎంత ఇష్టమో మొదటిసారి ఒప్పుకుంది, అదీ మనసులో.

ఇంటర్‌కమ్ గరగరలాడింది.

"అడుగు పొర. చాలా ఎక్కువ."

"అది ఫ్యాక్టరీ నడిచిన రోజుల బురద," అని బురదమ్మ అత్తకు చెప్పింది. "ఎక్కువే ఉంటుంది. ఉండాలి కూడా."

"దాని పైది. ఇంకా ఎక్కువ."

అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"పైది. తగ్గింది... ఆ పైది. బాగా తగ్గింది... ఆ పైది. ఇంకా."

"ఇక పై పొర ఒక్కటే మిగిలింది," అంది బురదమ్మ. పురుగులు బతికేది ఆ పొరలోనే. చేపలు మూతి పెట్టేది ఆ పొరలోనే. అది చెడితే కింద ఎంత తగ్గినా లాభం లేదు. ఇంటర్‌కమ్ మీట నొక్కి, "చెప్పండి, పై పొర ఎంత?" అంది.

"ఒక్క నిమిషం. సున్నా చూసుకోవాలి."

"చంపుతాడే ఇతను," అంది అత్త.

అతను సున్నా చూసుకున్నాడు. పై పొర ముక్కను యంత్రంలో పెట్టాడు. చూశాడు. మొదటి సగం కొలతల కాగితం పక్కన పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఆ తర్వాత అద్దం వైపు తిరిగాడు. బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా చుట్టి, పెద్ద సున్నా చూపించాడు.

"నిజంగా సున్నా కాదండీ," అని ఇంటర్‌కమ్‌లో వెంటనే సరిదిద్దాడు, అతనికి ఆ బాధ తప్పదు. "కొంచెం ఉంది. హద్దుకి చాలా కింద. రెండు సగాలూ ఒకే మాట చెప్పాయి. మీ అఖాతం తన గాయాన్ని తనే కప్పుకుంది."

అత్త లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. ఏం చెయ్యాలో తెలియక కిటికీ అద్దాన్ని అరచేత్తో నిమిరింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతుంటే, "వల బాగుచేసుకోవాలే, పోగులన్నీ ఎలకలు కొట్టేశాయి," అంది. బురదమ్మ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి గిరగిరా తిప్పింది. ఇంత సంతోషం తన జీవితంలో ఎప్పుడూ లేదని ఆమెకు అనిపించింది. అవతల సున్నా ఒంటరిగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నవ్వుతూ నిలబడ్డాడు.

"సంతకం పెట్టి పెద్దసారుకి ఇప్పుడే పంపేస్తాను," అన్నాడు. "చివర్లో ఈ మాట గట్టిగా చదివి మరీ పెట్టాలట. వినండి. 'నమూనా సేకరించినవారితో నాకు ఎలాంటి బంధుత్వమూ లేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.'"

బురదమ్మ నవ్వింది. ఈ ఊళ్ళో ఎవర్ని కదిపినా ఎవరికో ఒకరికి బావో బామ్మర్దో అవుతాడు. అలాంటివాళ్ళ చేత కొలిపిస్తే మనవాళ్ళ కోసం తక్కువ చేసి చూపించారని పైవాళ్ళు కొట్టేస్తారు. అందుకే కదా వెతికి వెతికి బయటి ఊరి మనిషిని తెచ్చుకున్నారు.

"ఏమన్నాడే?" అంది అత్త. ముఖంలో నవ్వు పోయింది.

"నాకూ ఆయనకీ చుట్టరికం లేదని రాయాలంట. ఉంటే ఈ కొలతలు చెల్లవు."

"ఆగమను."

"ఎందుకు?"

"ముందు వాళ్ళ నాన్నని అడిగి పెట్టమను."

"సంతకానికీ వాళ్ళ నాన్నకీ ఏంటి సంబంధం?"

అత్త కొంగు వేలికి చుట్టుకుంది. "ఫొటో అన్నాను కదే. రిజిస్ట్రారు ఆఫీసులో దిగింది. పోయిన నెల. నా పక్కన నుంచున్నది ఆయనే. మీ ఇద్దరి పనీ అయ్యాక కూర్చోబెట్టి చెబుదామనుకున్నాం."

"దిగబోతున్నారా, దిగారా?"

"దిగాం. సంతకాలు కూడా పెట్టేశాం."

బురదమ్మకు ముందు గడియారం వెలిగింది. ఆ తర్వాత పాట. ఆ తర్వాత మెల్లగా, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నట్టు, మిగతాది. మేనత్త మొగుడు, అంటే మావయ్య. ఆ మావయ్య కొడుకు. వరసకి ఏమవుతాడు?

అద్దం అవతల సున్నా కుర్చీ దగ్గరికి లాక్కుని, కాగితం సర్దుకుని, కలం మూత తీశాడు.

ఆమె రెండు చేతులతో అద్దం మీద బాదింది. యంత్రం చప్పుడులో అతనికి వినబడలేదు. ఒక్క ఉరుకులో ఇంటర్‌కమ్ మీట నొక్కింది. ఆరు నెలలుగా ఆమె నోట 'మీరు', 'అండీ' తప్ప వేరే మాట రాలేదు. అలాంటిది ఆ కంగారులో ఏ పిలుపు బయటపడిందో ఆమెకే తెలియలేదు.

"బావా, ఆగు!"

సున్నా తలెత్తాడు. చెవులదాకా ఎర్రబడ్డ ముఖంతో, తను విన్నది నిజమేనా అన్నట్టు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. కాగితం మీద అతని సంతకంలో మొదటి అక్షరం అప్పటికే పడింది.